పెద్దవాళ్ల మతిమరుపు: ఇంటికొచ్చే మానసిక ఆరోగ్య నర్సు ఏం చూస్తుంది? తెలుగులోనే ఎందుకు అడగాలి?

"వయసైపోయింది కదమ్మా, మతిమరుపు." పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి మానసిక ఆరోగ్యం చూసే నర్సులుగా మేం ఎక్కువగా వినే మాట ఇది. కర్ణాటక, తమిళనాడుల్లోని తెలుగు ఇళ్లలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. పరీక్ష జరిగేది ఒక భాషలో, పెద్దావిడ బాధ చెప్పుకొనేది ఇంకో భాషలో. ఆ సందులోనే నయమయ్యే జబ్బు కూడా మతిమరుపు కింద జమ అయిపోతుంది.

మతిమరుపు అనుకునేవి మూడు

మేం మొదట విడదీసి చూసేవి మూడు. గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో మనిషి తికమకపడి, కాసేపు బాగుండి, కాసేపు మగతగా, రాత్రిళ్లు కలవరిస్తూ ఉంటే అది డెలిరియం కావచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు వంటివి కారణాలు. ఇది అత్యవసరం. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

వారాల తరబడి ఆకలి, నిద్ర, దేనిమీదైనా ఆసక్తి పోయి, ఏం అడిగినా "నాకు తెలీదులే" అంటుంటే డిప్రెషన్‌ను అనుమానిస్తాం. దీనికి మంచి చికిత్స ఉంది. నెలలు, ఏళ్ల మీద జ్ఞాపకం, తన పనులు తాను చేసుకునే తీరు మెల్లగా తగ్గుతూ వస్తే డిమెన్షియా వైపు చూస్తాం. ఒకే మనిషిలో ఇవి కలిసి కూడా ఉండొచ్చు.

అందుకే ఇంట్లో అడుగుపెట్టగానే మందుల సంచి తెమ్మంటాం. కొన్ని జలుబు మాత్రలు, నిద్రమాత్రలు పెద్దవాళ్లలో తికమకను పెంచుతాయి, తూలి పడిపోయేలా చేస్తాయి. కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తాం. చెవులు వినపడుతున్నాయా, విరేచనం సాఫీగా అవుతోందా, నీళ్లు తాగుతున్నారా, స్టవ్ ఆపడం గుర్తుంటోందా అని అడుగుతాం. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి ఏమైనా ఉందో లేదో చూస్తాం. ఆస్పత్రి ఓపీలో ఇవన్నీ కనిపించవు. మన దగ్గర నర్సులు సొంతంగా సైకియాట్రీ మందులు రాయరు. చూసింది డాక్టరుకు చెప్పి, ఆయన రాసిన మందు ఎలా పనిచేస్తోందో మళ్లీ వెళ్లి చూడడం మా పని.

భాష దగ్గర జరిగే పొరపాట్లు

జ్ఞాపకశక్తి పరీక్షలో "ఇది ఏ నెల?" అని ఒక ప్రశ్న ఉంటుంది. తమిళనాడులోని తెలుగు బామ్మ "శ్రావణం" అంటుంది. అడిగినవాళ్ల క్యాలెండరులో అప్పటికింకా ఆడి నెల నడుస్తుండొచ్చు. బామ్మ సరిగ్గానే చెప్పింది, మార్కు మాత్రం పోతుంది.

చదివించే ప్రశ్నతో ఇంకో తంటా. మన పెద్దల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో. తెలుగు అక్షరాలు చదవమంటే తెల్లమొహం వేస్తారు. కాబట్టి మాట తెలుగులో అడగాలి, చదివించేది వాళ్లు నేర్చిన లిపిలో ఉండాలి. బడికే వెళ్లనివాళ్లను వందలోంచి ఏడు తీసేయమనడం కంటే సంతలో చిల్లర లెక్క అడగడం మేలు.

డిప్రెషన్ అనే మాట మన పెద్దలు వాడరు. "గుండె దడ", "ఒళ్లంతా మంటలు", "బెంగగా ఉంది" అంటారు. బెంగ అనే మాటను మనవడు పక్క భాషలోకి మారిస్తే అది ఉత్త "ఆలోచన" అయిపోతుంది. "ఆ దేవుడు నన్నెప్పుడు తీసుకుపోతాడో" అన్న మాటనైతే ఇంట్లోవాళ్లు అసలు చెప్పకుండా దాటేస్తారు. మేం తప్పకుండా వినాల్సిన మాట అదే. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడిగితేనే సాయం అందించగలం. అందుకే పెద్దవాళ్లతో కాసేపు ఒంటరిగా, వాళ్ల భాషలో మాట్లాడాలి.

రెండు భాషల బతుకు మనకు నష్టమేమీ కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే భాష వచ్చినవాళ్ల కంటే రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. జబ్బు ముదిరాక మాత్రం, తర్వాత నేర్చిన భాష ముందుగా జారిపోవడం చాలామందిలో చూస్తుంటాం.

ఎవరిని అడగాలి?

1980లలో నిమ్హాన్స్ బళ్ళారి జిల్లాలో చేసిన ప్రయోగమే 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి మూలం. తెలుగు ఇళ్లు ఎక్కువగా ఉన్న జిల్లా అది. ఈ కార్యక్రమం బృందంలో సైకియాట్రిస్టుతో పాటు నర్సు కూడా ఉంటారు. జిల్లా ఆస్పత్రిలో వాకబు చేయండి. తమిళనాడులో 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లా నుంచి మొదలైన మక్కళై తేడి మరుత్తువం ముఖ్యంగా బీపీ, షుగర్ వంటి జబ్బులకు. అయినా ఇంటికొచ్చిన ఆరోగ్య కార్యకర్తకు పెద్దవాళ్ల మనసు సంగతి కూడా చెప్పండి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులో మాట్లాడాలని కోరవచ్చు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

జబ్బేమిటో, చికిత్స ఏమిటో తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు రోగికి ఉందని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. మొహమాటపడకుండా అడగండి.

నర్సు వచ్చేలోపు నాలుగు విషయాలు కాగితం మీద రాసిపెట్టండి: మార్పు ఎప్పుడు మొదలైంది, వాడుతున్న మందులన్నీ, ఈమధ్య ఎప్పుడైనా పడ్డారా, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఏ లిపి చదువుతారు. డాక్టరు రాసే కేసు షీటులో ఈ చివరిది కూడా చేర్పించండి.