కుక్క ఉన్నది, జాగ్రత్త!

ఇటలీ దేశంలోని పాంపేయి నగరం క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం వెళ్ళగక్కిన బూడిద కింద సమాధి అయింది. శతాబ్దాల తరువాత జరిగిన తవ్వకాలలో ఒక ఇంటి ముఖద్వారం వద్ద, నేలమీద చిన్న చిన్న రాళ్ళతో కూర్చిన కుక్క బొమ్మ ఒకటి బయటపడింది. ఆ కుక్క మెడలో గొలుసు ఉన్నది. దాని కింద లాటిన్ భాషలో ‘కావే కానెమ్’ అని రెండు మాటలు ఉన్నాయి. కుక్క ఉన్నది, జాగ్రత్త అని వాటి భావం. మన పట్టణాలలో గేట్లకు వేలాడే రేకు పలకల మీది మాటలు కూడా ఇవే.

ఈ హెచ్చరికను చూసి దొంగ వెనుదిరుగుతాడు. చుట్టపుచూపుగా వచ్చినవాడు వీధిలోనే నిలబడి ఇంటివారిని పేరుపెట్టి పిలుస్తాడు. ఇష్టం లేనివాడు మరొకనాడు వద్దామని వెళ్ళిపోతాడు. కాని ఉత్తరం తెచ్చిన తపాలా ఉద్యోగికి, పార్శిల్ తెచ్చిన డెలివరీ శ్రామికునికి ఆ వెసులుబాటు లేదు. తెచ్చిన వస్తువును అప్పగించి తీరాలి. అదీ నిమిషాల లెక్కన. ఒక్క రోజులో పదుల కొద్దీ గుమ్మాలు ఎక్కి దిగే ఆ మనిషికి ఏ గుమ్మం వెనుక ఏమి ఉన్నదో తెలియదు. అందువల్ల కుక్కల స్వభావాన్ని తెలుసుకోవడం అతని వృత్తిలో ఒక భాగమైపోయింది.

కుక్క మనిషిని ఆశ్రయించి కనీసం పదిహేను వేల సంవత్సరాలు అయి ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. వేటలో తోడుగా, మందకు కాపలాగా, ఇంటికి రక్షణగా మనిషి దానిని పెంచుకున్నాడు. తన ఇల్లు ఇంతవరకు అని ఒక సరిహద్దు గీసుకొని, దానిని దాటి వచ్చే కొత్తవారిని అడ్డగించడం దానికి మనం మెచ్చుకొని నేర్పిన గుణమే. ఇంటివారు పిలిచి తెప్పించుకున్నవాడు, పిలవకుండా వచ్చినవాడు అనే తేడా దానికి తెలియదు. ఇంటి యజమాని ఫోనులో భోజనం తెప్పించుకున్న సంగతి కుక్కకు ఎవరు చెబుతారు?

రోజూ వచ్చే మనిషినైనా కుక్క ఎందుకు గుర్తుపెట్టుకొని ఊరుకోదు అనే సందేహం కలగడం సహజం. నిజానికి అది గుర్తుపెట్టుకుంటుంది. చిక్కంతా అక్కడే ఉన్నది. తపాలా ఉద్యోగి వస్తాడు, కుక్క మొరుగుతుంది, అతడు ఉత్తరం పెట్టెలో వేసి వెళ్ళిపోతాడు. పని ముగిసింది కాబట్టి వెళ్ళాడని మనకు తెలుసు. కుక్కకు మాత్రం తాను మొరిగినందువల్లనే అతడు పారిపోయినట్లు తోస్తుంది. మరునాడు కూడా అదే జరుగుతుంది. ప్రతిదినమూ దానికి ఒక విజయం లభిస్తుంది. ఒక ప్రవర్తన వల్ల కోరిన ఫలితం దక్కితే ప్రాణి ఆ ప్రవర్తనను మరింత గట్టిగా పట్టుకుంటుందని ప్రవర్తనా శాస్త్రం చెబుతున్నది. ఏళ్ళ తరబడి ఒకే వీధిలో తిరిగే తపాలా ఉద్యోగిపై కొన్ని కుక్కల కోపం తగ్గకపోగా పెరగడానికి కారణం ఇదే.

దీనికి తోడు శ్రామికుని రూపం కూడా కుక్కను కలవరపెడుతుంది. ముఖాన్ని కప్పే హెల్మెట్, వీపున పెద్ద పెట్టె, చేతిలో సంచి కలిసి మనిషి ఆకారాన్నే మార్చివేస్తాయి. అతని దుస్తులపై అంతకుముందు చూసి వచ్చిన ఇళ్ళలోని కుక్కల వాసన ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది అతని తొందర. ఆలస్యమైతే రాబడి తగ్గుతుంది కాబట్టి అతడు మెట్లమీద పరుగెత్తుతాడు. పరుగెత్తేదానిని వెంబడించడం కుక్కకు వేటనాటి నుండి వచ్చిన లక్షణం. తొందరపెట్టే పని, తొందరపడితే తరిమే జంతువు. ఈ రెండింటి నడుమ అతని జీవిక సాగుతున్నది.

‘మొరిగే కుక్క కరవదు’ అని తెలుగులో ఒక సామెత ఉన్నది. బట్వాడా చేసేవారు ఈ సామెతను నమ్ముకుంటే కష్టమే. మొరిగే కుక్క కూడా కరుస్తుంది. అయితే మొరగని కుక్క విషయంలో మరింత జాగ్రత్త వహించాలన్నంత వరకు అందులో సత్యం లేకపోలేదు. శరీరమంతా బిగబట్టి, నోరు మూసుకొని, కదలకుండా నిలబడి చూపు తిప్పని కుక్క హెచ్చరిక లేకుండానే దూకవచ్చు. అలాగే తోక ఊపే కుక్కలన్నీ స్నేహపూర్వకమైనవి కావు. ఒళ్ళంతా వదులుగా కదులుతూ తోక ఊపడం వేరు, తోకను నిటారుగా నిలిపి బిగువుగా, వడిగా కదిలించడం వేరు. మొదటిది ఆహ్వానం, రెండవది ఉద్రేకం. చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి, మూలకు నక్కిన కుక్క జాలి గొలుపుతుంది కాని, పారిపోవడానికి దారి లేదని తోచినప్పుడు అది భయంతోనే కరుస్తుంది.

జంతువులను ముందుగా హెచ్చరించి నడవడం తపాలా వృత్తిలో పాత పద్ధతే. పూర్వం మన దేశంలో ఉత్తరాల మూటలను భుజాన వేసుకొని అడవి దారుల వెంట పరుగెత్తే రన్నర్లు ఉండేవారు. వారి చేతిలో గజ్జెలు కట్టిన బల్లెం ఉండేది. ఆ గజ్జెల చప్పుడు విని అడవి జంతువులు తొలగిపోయేవి. ఊరివారికి తపాలా వస్తున్నదని తెలిసేది. ఈనాడు అనుభవజ్ఞుడైన డెలివరీ శ్రామికుడు గేటు తెరవడానికి ముందు గడియను రెండు మూడుసార్లు గట్టిగా ఆడిస్తాడు. చేసే పని అదే. లోపల కుక్క ఉంటే ఆ చప్పుడుకు బయటపడుతుంది. నిద్రిస్తున్న కుక్కను ఉలిక్కిపడేలా చేయడం కన్నా, కటకటాల అవతల ఉండగానే దాని ఉనికిని తెలుసుకోవడం మేలు.

ఈ విషయంలో పద్ధతి ప్రకారం శిక్షణ ఇచ్చే సంస్థలలో అమెరికా తపాలా శాఖ ముఖ్యమైనది. ఆ శాఖ ఏటా లెక్కలు ప్రకటిస్తుంది. 2023లో తమ ఉద్యోగులపై 5,800కు పైగా కుక్కల దాడులు జరిగాయని, 2024లో ఆ సంఖ్య 6,000 దాటిందని అది వెల్లడించింది. అక్కడ ఉత్తరాలు పంచే ఉద్యోగి భుజాన ఉండే సంచి కేవలం ఉత్తరాల కోసం కాదు. కుక్క మీదికి వస్తే దానిని డాలుగా అడ్డుపెట్టుకోవాలని నేర్పుతారు. మిరపకారపు సారంతో చేసిన చిన్న పిచికారీ సీసా కూడా ఇస్తారు. బయటికి తెరుచుకునే తలుపు ముందు నిలబడినప్పుడు, లోపలి కుక్క తోసుకొని రాకుండా పాదాన్ని తలుపుకు ఆనించి ఉంచాలి. ఏ ఇంట కుక్క ఉన్నదో చేతిలోని స్కానర్ యంత్రంలో నమోదు చేసే ఏర్పాటు ఉన్నది. దానివల్ల సెలవు రోజున మరొకరి బదులు వచ్చిన కొత్త ఉద్యోగికి కూడా ముందే తెలుస్తుంది. కుక్కను అదుపులో పెట్టని ఇంటికి బట్వాడా నిలిపివేసే అధికారం కూడా ఆ శాఖకు ఉన్నది. అప్పుడు ఆ ఇంటివారు తపాలా కార్యాలయానికి వెళ్ళి ఉత్తరాలు తెచ్చుకోవాలి. జాగ్రత్తలన్నిటిలోకి బలమైనది ఇదే అనిపిస్తుంది, ఎందుకంటే తక్కినవన్నీ శ్రామికుని చేతిలో ఉన్నవి. ఇది ఒక్కటే యజమానిని కదిలిస్తుంది.

కుక్కకు బిస్కెట్టు వేసి మచ్చిక చేసుకోవచ్చునా అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. తెలియని కుక్కను నిమరవద్దని, తిండి పెట్టవద్దని తపాలా శాఖ హెచ్చరిస్తుంది. కాని అమెరికాలోని పార్శిల్ వాహనాల డ్రైవర్లలో చాలామంది జేబులో బిస్కెట్లు ఉంచుకుంటారు. వాహనం చప్పుడు వినగానే తోక ఊపుకుంటూ ఎదురువచ్చి, లోపలికి ఎక్కి కూర్చునే కుక్కల ఛాయాచిత్రాలను వారు ముచ్చటపడి పంచుకుంటారు. రోజూ వెళ్ళే ఇంటి దగ్గర, యజమాని ఎదుట, ఆయన అనుమతితో ఇది ఫలిస్తుంది. తొలిసారి వెళ్ళిన ఇంటి దగ్గర చేయి చాపడం మాత్రం సాహసమే.

తపాలాకు, కుక్కకు జన్మవైరం ఏమీ లేదనడానికి అమెరికా చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 1888 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ తపాలా కార్యాలయంలో ‘ఓనీ’ అనే కుక్క చేరింది. ఉత్తరాల సంచుల మీద నిద్రించడం దానికి అలవాటు. ఆ సంచుల వెంటే రైళ్ళెక్కి దేశమంతా తిరిగింది. 1895లో ఓడలో ప్రపంచాన్ని చుట్టివచ్చింది. వెళ్ళిన చోటల్లా తపాలా ఉద్యోగులు దాని మెడకు బిళ్ళలు కట్టేవారు. 1897లో మరణించిన ఓనీ దేహాన్ని భద్రపరచి వాషింగ్టన్‌లోని జాతీయ తపాలా ప్రదర్శనశాలలో ఉంచారు.

మన నగరాల పరిస్థితి వేరు. ఇక్కడ భోజనం, సరుకులు తెచ్చేవారిలో అధికులు ద్విచక్ర వాహనాల మీద తిరిగే యువకులు. ఒకే వీధి రోజూ వారికి రాదు. నిన్నటి అనుభవం నేటికి పనికిరాదు. సంచి, పిచికారీ, పదేపదే శిక్షణ అటుంచి, అపార్ట్‌మెంటులో కుక్క ఎదురైతే పారిపోవడానికి మెట్లు, గోడ తప్ప మరేమీ ఉండవు. 2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో భోజనం అందించడానికి మూడవ అంతస్తుకు వెళ్ళిన ఇరవైమూడేళ్ళ యువకుణ్ణి ఆ ఇంటి కుక్క తరిమింది. దాని బారి నుండి తప్పించుకోబోయి అతడు పైనుండి పడిపోయాడు. కొన్ని రోజులకు ఆసుపత్రిలో మరణించాడు. కుక్క యజమానిపై పోలీసులు కేసు నమోదు చేశారు. అదే సంవత్సరం మే నెలలో నగర శివారు మణికొండలో వస్తువు అందించడానికి వెళ్ళిన మరొక శ్రామికుడు కూడా కుక్కకు భయపడి మూడవ అంతస్తు నుండి దూకి గాయపడ్డాడు. ఈ రెండు ఘటనలలోనూ అతణ్ణి ఎత్తు నుండి పడవేసింది కుక్క కాటు కాదు, దానికి వెరచి తీసిన పరుగు. కుక్క ఎదురైనప్పుడు పరుగెత్తరాదని, కళ్ళలోకి సూటిగా చూడకుండా, వీపు తిప్పకుండా, చేతిలోని సంచిని ముందు ఉంచుకొని మెల్లగా వెనుకడుగు వేయాలని నిపుణులు చెబుతారు. ఒకవేళ కింద పడితే ముడుచుకొని మెడను, ముఖాన్ని చేతులతో కాపాడుకోవాలి. చెప్పడం తేలికే. ఇరుకైన నడవలో మీదికి దూకుతున్న కుక్క ముందు ఆ నిబ్బరం ఎంతమందికి ఉంటుంది?

కనుక చర్చ మళ్ళీ గుమ్మం లోపలి వ్యక్తి దగ్గరికే వస్తుంది. కుక్కను చూసి మెట్ల మీదనే ఆగిపోయి, “సార్, కొంచెం కుక్కను కట్టేయండి” అని వేడుకునే యువకునికి తరచుగా లభించే సమాధానం ఒక్కటే: “మా కుక్క ఏమీ చెయ్యదులే, రావయ్యా!” ఈ మాటలో అబద్ధం లేదు. ఆ కుక్క ఆ యజమానిని ఏమీ చేయదు. ఇంటిల్లిపాది ఒడిలో పెరిగిన ప్రాణి గురించి వారికి తెలిసినది వారి అనుభవం మాత్రమే. గుమ్మం అవతల నిలబడిన కొత్త మనిషిని చూసినప్పుడు అది ఎలా మారుతుందో వారు ఎన్నడూ అతని స్థానంలో నిలబడి చూడలేదు. తలుపు తీయడానికి ముందు కుక్కను మరొక గదిలో ఉంచి ఆ గది తలుపు వేయడానికి అర నిమిషం చాలు. అమెరికా తపాలా శాఖ యజమానులను కోరేది కూడా ఇదే. కుక్క చూస్తుండగా ఉత్తరాలను పిల్లల చేతికి తీసుకోనివ్వవద్దని కూడా అది సూచిస్తుంది. పిల్లవాని వైపు చేయి చాచిన కొత్త మనిషిని కుక్క శత్రువుగా భావించే ప్రమాదం ఉన్నది.

చట్టం కూడా ఈ బాధ్యతను యజమాని మీదనే ఉంచింది. తన అధీనంలోని జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు గాని, తీవ్రమైన గాయం గాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడం నేరమని భారతీయ శిక్షాస్మృతిలోని 289వ సెక్షను చెప్పింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే నిబంధన 291వ సెక్షనుగా ఉన్నది. ఆరు నెలల వరకు జైలు శిక్ష గాని, అయిదు వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. గేటుకు పలక వేలాడదీస్తే తమ బాధ్యత తీరిపోయిందని కొందరు అనుకుంటారు. ఆలోచిస్తే ఆ పలక చెప్పే సాక్ష్యం వేరు. లోపలి కుక్క ప్రమాదకరమైనదని ఇంటివారికి ముందే తెలుసునని అది వీధి అంతటికీ చాటుతున్నది.

కుక్క కరిచినప్పుడు గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలపాటు కడగాలి. కారం, సున్నం, పసుపు వంటివి పూయరాదు. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత రోగి బతకడం దాదాపు అసాధ్యం. అందువల్ల, పెంపుడు కుక్కే కదా అని ఊరుకోకుండా వైద్యుణ్ణి సంప్రదించాలి. లూయీ పాశ్చర్ 1885లో తొలిసారిగా ఒక బాలునికి ఇచ్చి ఫలితం సాధించిన టీకా ఈనాడు ఎంతో మెరుగుపడి ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా లభిస్తున్నది. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజున, ఆపై 3వ, 7వ, 28వ రోజులలో టీకా వేయించుకోవాలి. గాయం తీవ్రమైతే దానితోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇస్తారు. అమెరికా తపాలా ఉద్యోగి విధి నిర్వహణలో గాయపడితే ప్రభుత్వ నష్టపరిహార పథకం అతణ్ణి ఆదుకుంటుంది. మన దేశంలో యాప్‌ల ద్వారా పనిచేసే శ్రామికుణ్ణి చట్టం తొలిసారిగా నిర్వచించింది 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో. అది అమలులోకి వచ్చింది 2025 నవంబరులో. అందించిన పార్శిళ్ళ లెక్కన రాబడి పొందే ఆ యువకునికి టీకా కోసం వరుసలో నిలబడిన నాలుగు పూటలూ సంపాదన లేని పూటలే.