ప్రకటన వేరు, వార్త వేరు
నస్పూరు చిన్న వర్తకులకు మా నివేదన

మన భాషలో "ప్రకటన" యను మాట యొకటే. అర్థములు మాత్రము రెండు. సొమ్ము చెల్లించి పత్రికలో స్థలము కొని వేయించుకొనునదియు ప్రకటనయే. లోకులకు దెలియవలసిన విషయమును వ్రాసి పత్రికకు ఉచితముగా బంపునదియు ప్రకటనయే. మాట యొకటియే యగుటచేత గాబోలు, మన చిన్న వర్తకులలో బలువురకు ఈ రెంటికిని గల భేదము తోచకున్నది. మొదటిదానికి దగిన పొగడ్తను రెండవదానిలో గుమ్మరింతురు. అది అచ్చు కానిచో పత్రికలవారు ధనవంతుల పక్షమని నిందింతురు. ఈ నింద పూర్తిగా నసత్యమని మేము చెప్పజాలము. దాని సంగతి ముందు చెప్పెదము. ఐనను దోషములో సగపాలు కాగితము వ్రాసిన చేతిదే యని మా యనుభవము.

గోదావరి కుత్తరపు దిక్కున, మంచిర్యాలకును శ్రీరాంపూరు గనులకును నడుమనున్న నస్పూరునే చూడుడు. అచ్చట వార్త యనగా బొగ్గు వార్తయే. 1889లో ఇల్లందు ప్రాంతమున త్రవ్వకములతో మొదలై, 1920లో సింగరేణి కాలరీసను పేరు దాల్చి, నేడు రాష్ట్రమునకు నూటికి 51, కేంద్రమునకు 49 వంతుల వాటాలతో నడచుచున్న ఆ సంస్థకు వార్తలు పంపుటకే ప్రత్యేక విభాగము కలదు. ఎన్ని టన్నులు వెలికి వచ్చినవో, దసరా ముంగిట కార్మికులకు లాభములలో నెంత వాటా దక్కునో ఎప్పటికప్పుడు పత్రికలకు జేరును. 2023లో జిల్లా కలెక్టరు కార్యాలయ భవనములు నస్పూరులోనే ప్రారంభమైన పిదప ప్రభుత్వపు ప్రకటనలును అచ్చటినుండియే వెలువడుచున్నవి. ఈ రెండు పెద్ద గొంతుల నడుమ చిన్న అంగడివాని గొంతు వినబడుట యెట్లు?

ఇది చిన్న సంగతి కాదు. 1990 దశాబ్ది యారంభమున లక్షకు మించియుండిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు దాదాపు 40 వేలకు దిగినది. తండ్రి గనిలో దిగెను గనుక కొడుకును దిగునను ధీమా తొలగిపోయినది. సింగరేణి సేవాసమితి శిక్షణలో కుట్టుపని నేర్చిన గృహిణియు, పదవీవిరమణ సొమ్ముతో పిండిమర బెట్టిన వృద్ధుడును, ఇటుకల యంత్రము దెచ్చిన యువకుడును నిలద్రొక్కుకొన్ననే ఆ యూరు రేపు నిలుచును. వారి సరకు సంగతి పది యూళ్లకు దెలియకున్న మొదటి యేడే తలుపులు మూయవలసివచ్చును. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. చెప్పనిదే పత్రిక యెట్లు వ్రాయును?

ఇచ్చట నొక చిత్రమైన చరిత్ర కలదు. పత్రికకు ప్రకటన బంపు ఈ పద్ధతి స్థిరపడినదియు బొగ్గు గనుల వలననే. 1902లో అమెరికాలోని పెన్సిల్వేనియా బొగ్గు గనులలో లక్షకు పైగా కార్మికులు సమ్మె కట్టిరి. వారి నాయకుడు జాన్ మిచెల్ విలేకరులను బిలిచి లెక్కలు చెప్పెను. యజమానులు నోరు మెదపరైరి. ప్రజల సానుభూతి యంతయు కార్మికులవైపు బోయినది. ఆ పాఠము నేర్చిన యజమానులు 1906లో మరల తగవు రాగానే ఐవీ లీ యను మాజీ విలేకరిని గొలువు బెట్టుకొనిరి. ఆయన సంపాదకుల కెల్లరకు నొక నియమపత్రము బంపెను. దాని సారాంశ మిది: మా పని బహిరంగము, మేము పంపునది వార్త, ఇది సొమ్మిచ్చి వేయించుకొనవలసిన ప్రకటన యని మీకు దోచినచో దానిని వాడకుడు. అదే సంవత్సరము అక్టోబరు 28వ తేదీన అట్లాంటిక్ సిటీ చెంత రైలు వంతెనపైనుండి నీళ్లలో బడి యేబదిమందికి పైగా మరణించిరి. లీ ఆ ప్రమాదమును దాచక, రైల్వే కంపెనీ పేరిట వివరములు వ్రాసి పత్రికల కిచ్చెను. మొదటి పత్రికా ప్రకటన యదియే యని పలువురు చెప్పుదురు.

లీ నియమములోని కీలకమును మన వర్తకులు గ్రహింపవలెను. సంపాదకుడు కాగితము చేతబట్టి వేసికొను ప్రశ్న యొకటే: దీనివలన నా పాఠకునికి దెలియునదేమి? వర్తకునికి వచ్చు లాభ మాతని ప్రశ్న కాదు.

ఒక యుదాహరణము కల్పించి చెప్పెదము. నస్పూరు యువకు డొకడు ఫ్లైయాష్ ఇటుకల పని మొదలుపెట్టెననుకొందము. సాధారణముగా మా బల్లపైకి వచ్చు కాగిత మిట్లుండును: ఫలానా నాయకుడు కత్తెర బట్టి రిబ్బను కోసెను; ఫలానా ఫలానా వారు పాల్గొనిరి; ఇరువది పేర్లు; నాణ్యతకు మారుపేరైన ఈ సంస్థను ప్రజలు ఆదరింపవలెనని వక్తలు కోరిరి. ఇటుక యెంత? ఎచ్చట దొరకును? ఇల్లు కట్టుకొనువానికి లాభమేమి? ఒక్క ముక్కయు లేదు. పెండ్లికొడుకును మరచి పెండ్లివారి పేర్లు చదివినట్లున్నది.

ఆ కాగితమే యిట్లు వ్రాయదగును. జైపూరు మండలమున 2016లో విద్యుదుత్పత్తి కారంభించిన సింగరేణి థర్మల్ కేంద్రమున బొగ్గు మండగా మిగులు బూడిదతో నస్పూరులో ఇటుకలు చేయుచున్నారు. ఇదియే మొదటి వాక్యము. ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడను నాలుగును అందులోనే తేలవలెను. సంపాదకుడు స్థలము చాలక క్రిందినుండి కోయును గాని పైనుండి కోయడు. కావున ముఖ్యమైనది ముందును, మిగిలినది వెనుకను ఉండవలెను. పిమ్మట అంకెలు: దినమునకు ఎన్ని ఇటుకలు, ఎంతమందికి పని, వేయి ఇటుకల ధర యెంత, ఆ ధరలో బండికూలి చేరినదా లేదా. తరువాత నాణ్యత. "అత్యుత్తమ" మను విశేషణము దేనికి? ఇటుకను 24 గంటలు నీట నానబెట్టిన నెంత నీరు పీల్చినదో, ఎంత బరువు మోసినదో పరీక్షశాల యిచ్చిన కాగితములో నుండును. ఆ రెండంకెలు వ్రాసిన మేస్త్రీకి అన్నియు అర్థమగును. ఈ ఇటుకను కాల్చరు. అచ్చులో నొత్తి, నీటితో తడిపి గట్టిపరతురు. అందుచేత కట్టెలు, బొగ్గు, చెరువుమన్ను మిగులును. ఇది పాఠకునికి గ్రొత్త సంగతి. వార్తకు ప్రాణ మిదియే.

యజమాని మాట యొకటి చాలును. అదియు ఆయన నోట వచ్చునట్లే యుండవలెను. "మా నాయన బొగ్గు తీసెను, నేను దాని బూడిదతో బ్రతుకుచున్నాను" అని యాతడు నిజముగా ననినచో నదియే శీర్షిక యగును. అనకున్నచో మనము కల్పింపరాదు. కాగితము ఒక పుటకు మించరాదు. పైన తేదీ, ఊరు. క్రింద పేరు, ఫోను సంఖ్య. వెంట నొక చక్కని ఫోటో, అందున్నవారి పేర్లు. జిల్లా పుటలు కట్టు సాయంకాలమున గాక పగటిపూటనే విలేకరికి జేర్పవలెను. కార్మికుల చేతికి లాభముల వాటా వచ్చు దసరా ముందు దినములలో అంగళ్ల ప్రకటనలు వెల్లువెత్తును. ఆ వెల్లువలో బడక, ఇండ్ల పనులు మొదలగు కాలమున బంపుట వివేకము.

సరకును పదిమంది యెరుగునట్లు చేయుట యెట్లో మనవారికి క్రొత్తగాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పి, సంగీత సభలలో దానిని ఉచితముగా బంచిరి. తలనొప్పి తగ్గినవాడే ఆయన సాక్షి. ఆ సొమ్ముతోనే 1908లో ఆంధ్రపత్రిక వెలసినది. తెలంగాణమున కవులు పూజ్యమని యెవరో యాక్షేపించినపుడు సురవరము ప్రతాపరెడ్డిగారు కోపోక్తులతో సరిపుచ్చక, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఇరువురును విశేషణములను గాక నిదర్శనములను నమ్మినవారు.

అసత్యము వలన గలుగు కీడును లీ చరిత్రమే చెప్పుచున్నది. 1914 ఏప్రిల్ 20వ తేదీన కొలరాడోలోని లడ్లో యొద్ద సమ్మెకట్టిన బొగ్గు కార్మికుల గుడారములపై కాల్పులు జరిగి, మంటలు చెలరేగి, స్త్రీలును పిల్లలును మరణించిరి. పిదప రాక్‌ఫెల్లరుల పక్షమున లీ వెలువరించిన పత్రములలో సమ్మె నాయకుల జీతములను ఎన్నో రెట్లు పెంచి చూపుట బయటపడినది. సత్యమే మా విధానమన్నవాని పేరు నాటినుండి విషముతో జతపడినది. మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి, మోసపుచ్చు ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చును. చట్టము మాట యటుండనిండు; ఒక్క గోడ బీటలువారిన నస్పూరంతయు నాడే యెరుగును.

ఇక మా వంతు దోషము. సత్యమైన వార్తను మంచిగా వ్రాసి తెచ్చిన చిన్న వర్తకుని "ముందు ప్రకటన యిమ్ము, పిదప వార్త చూతము" అను విలేకరులు లేకపోలేదు. వారిని మాత్రమే నిందించుట న్యాయము గాదు. చాలీచాలని వేతన మిచ్చి, ప్రకటనలు సేకరించు భారమును గూడ వారి నెత్తిన బెట్టినవారు పత్రికల యజమానులే. సొమ్ము పుచ్చుకొని వార్తగా నచ్చువేయు దురాచారమును గూర్చి ప్రెస్ కౌన్సిల్ 2010లోనే విచారించి నివేదిక వెలువరించినది. వార్తను అమ్ముకొన్ననాడు పత్రిక తన పాఠకుని నమ్మకమును అమ్ముకొన్నట్లే. ఆ నమ్మకము పోయిన పిదప ఆ పత్రికలో ప్రకటన వేయించుకొనియు ఫలము లేదు.

కావున వర్తకులు సత్యమును సూటిగా వ్రాసి పంపవలెను. పొగడ్తకు స్థలము కావలసినచో వెల చెల్లించి, ప్రకటన యను పేరుతోనే వేయించుకొనవలెను. పత్రికలవారు గని వార్తకును, గని నీడనున్న కుట్టుమిషను వార్తకును ఒకే త్రాసు వాడవలెను. ఎవరి పని వారు చేసిన నాడు, నస్పూరున బొగ్గు తరిగినను బ్రతుకు తరుగదు.