ఆంగ్లంలో ఇన్ఫినిటివ్–జెరండ్ ఎంపిక: తెలుగు ‘-డం’ రూపంతో ఒక పోలిక

1. ఉపోద్ఘాతం

‘ఆమె మందు వేసుకోవడం మానేసింది’ అనే భావాన్ని ఆంగ్లంలో ‘షి స్టాప్డ్ టేకింగ్ ద మెడిసిన్’ అని చెప్పాలి. ‘షి స్టాప్డ్ టు టేక్ ద మెడిసిన్’ అంటే, చేస్తున్న పని ఆపి మందు వేసుకున్నదని అర్థం. ఒక్క రూపభేదంతో అర్థం తలకిందులవుతుంది. ఈ భేదాన్ని తరగతి గదులలో సాధారణంగా క్రియల జాబితాల ద్వారా బోధిస్తారు. జాబితా అవసరమే, అయితే అది కారణాన్ని చెప్పదు. ఆ కారణాన్ని గ్రహించడానికి తెలుగు వాక్యమే తోడ్పడుతుంది.

2. రెండు రూపాల స్వభావం

‘టు’ మూలంలో దిశను తెలిపే ప్రిపొజిషన్. ప్రాచీనాంగ్లంలో అది క్రియారూపానికి ముందు చేరి ప్రయోజనాన్ని సూచించేది. ‘-ఇంగ్’ క్రియ నుండి నామాన్ని ఏర్పరచిన ప్రత్యయం. ఈ మూలస్వభావపు ఛాయలు నేటికీ కనిపిస్తాయి. వాంట్, హోప్, డిసైడ్, ప్రామిస్ వంటివి జరగవలసిన పనిని చూసే క్రియలు. వాటి తరువాత ఇన్ఫినిటివ్ వస్తుంది. ఎంజాయ్, ఫినిష్, అడ్మిట్ వంటివి జరుగుతున్న లేదా జరిగిన పనిని ప్రస్తావిస్తాయి. వాటి తరువాత జెరండ్ వస్తుంది.

ఇది ప్రవృత్తి మాత్రమే, నియమం కాదు. సజెస్ట్, కన్సిడర్ అనే క్రియలు జరగబోయే పనిని చెప్పినా జెరండ్‌నే కోరుతాయి. ‘మేనేజ్డ్ టు ఫినిష్’ అన్నప్పుడు పని జరిగిపోయినా ఇన్ఫినిటివే వస్తుంది. ఇటువంటి వాటికే జాబితా అవసరం.

3. తెలుగులో ఒకే రూపం

‘చేయన్’ వంటి రూపాన్ని తెలుగు వైయాకరణులు సంస్కృత ‘తుమున్’ ప్రత్యయాన్ని అనుసరించి తుమున్నర్థకమన్నారు. ‘పిల్లను చూడవచ్చారు’ వంటి ప్రయోగాలలో దాని ప్రయోజనార్థం మిగిలి ఉంది. ఆధునిక వ్యవహారంలో అది ఎక్కువగా ‘చేయగలడు’, ‘చేయకూడదు’ వంటి రూపాలలో అంతర్భాగంగా కనిపిస్తుంది. తక్కిన చోట్ల ‘-డం’ రూపమే అధిక భారం వహిస్తుంది. ‘రాయడం నేర్చుకుంది’, ‘రాయడం మానేసింది’ అనే వాక్యాలలో రూపం ఒకటే. ఆంగ్లంలో మొదటిది ‘లెర్న్డ్ టు రైట్’, రెండవది ‘స్టాప్డ్ రైటింగ్’. కాబట్టి ‘-డం’ అంటే ‘-ఇంగ్’ అనే సమీకరణం నిలవదు.

అంతమాత్రాన తెలుగులో ఈ అర్థభేదం లేదనుకోరాదు. ‘తాళం వేయడం మరచిపోయాను’ అంటే తాళం వేయలేదు. ఇది ‘ఫర్గాట్ టు లాక్’. ‘తాళం వేసిన సంగతి మరచిపోయాను’ అంటే తాళం వేయడం జరిగింది; ఇది ‘ఫర్గాట్ లాకింగ్’. ఆంగ్లం రెండు క్రియారూపాలతో చూపే పౌర్వాపర్యాన్ని ఇక్కడ తెలుగు ‘వేసిన’ అనే క్రియాజన్య విశేషణంతో చూపుతుంది.

4. ‘-డానికి’ తెచ్చే చిక్కు

‘మిమ్మల్ని కలవడానికి వచ్చాను’ అనే వాక్యంలోని ‘-కి’ని ‘ఫర్’గా భావించి ‘ఐ కేమ్ ఫర్ మీటింగ్ యు’ అనడం తరచు వినిపించే దోషం. ప్రయోజనార్థంలో ఇక్కడ ‘టు మీట్’ అనాలి. దీనికి విరుద్ధమైన దోషం ‘లుక్ ఫార్వర్డ్ టు మీట్’. ఇందులోని ‘టు’ ప్రిపొజిషన్. దాని తరువాత ‘మీటింగ్’ రావాలి. ఏ ‘టు’ ఎటువంటిదో తెలుసుకోవడానికి దాని తరువాత ‘ఇట్’ చేర్చి చూడవచ్చు. ‘లుక్ ఫార్వర్డ్ టు ఇట్’ కుదురుతుంది. ‘వాంట్ టు ఇట్’ కుదరదు.

5. ముగింపు

రెండు రూపాలనూ అనుమతించి అర్థం మార్చుకునే రిమెంబర్, ఫర్గెట్, స్టాప్, రిగ్రెట్ వంటి క్రియల బోధనలో, రెండవ పని ముందే జరిగిందా, జరగవలసి ఉందా అని మొదట తెలుగులో అడగడం ప్రయోజనకరం. ‘చేసిన సంగతి’, ‘చేస్తూ ఉన్న పని’ అనే వివరణ కుదిరితే జెరండ్; ‘చేయాలని’, ‘చేయడానికి’ అనే వివరణ కుదిరితే ఇన్ఫినిటివ్. ఈ ప్రశ్నకు లొంగని క్రియలను మాత్రమే జాబితాగా కంఠస్థం చేయిస్తే, విద్యార్థి జ్ఞాపకంపై భారం తగ్గుతుంది. అప్పుడు మాతృభాష దోషాలకు కారణంగా కాక, వాటిని సవరించే సాధనంగా పనిచేస్తుంది.