సూట్‌కేసులో వచ్చిన సెన్సర్ ఎందుకు పలకదు?

టైరులో గాలి తగ్గిన సంగతిని కారు నడిపేవారికి డ్యాష్‌బోర్డు మీద చూపించే ఏర్పాటును టైర్ ప్రెజర్ మానిటరింగ్ సిస్టమ్ అనీ, పొడి అక్షరాలలో టీపీఎంఎస్ అనీ పిలుస్తారు. గుర్రపు లాడం ఆకారంలో, మధ్యలో ఆశ్చర్యార్థకంతో వెలిగే పసుపు దీపమే దీని గుర్తు. శ్రీకాకుళం రోడ్ అన్న పేరుతో రైల్వే స్టేషన్ ఉన్న ఆమదాలవలస వంటి ఊళ్లో స్పోర్ట్స్ కార్లు అరుదుగానే కనిపిస్తాయి. అయినా చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి దగ్గరలోనే ఉండటం వల్ల, విదేశాలలో స్థిరపడిన కుటుంబాల రాకపోకలు పెరగడం వల్ల అటువంటి కారు ఒకటి స్థానిక టైర్ల దుకాణం ముందు ఆగడం ఇప్పుడు వింత కాదు. ఖరీదైన విదేశీ కారుకు కంపెనీ వర్క్‌షాపు కావాలంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖపట్నం చేరాలి కాబట్టి, ఆ పసుపు దీపం వెలిగినప్పుడు చేయవలసిన నిర్ణయాలు చాలావరకు ఊళ్లోనే జరుగుతాయి. కొత్త సెన్సర్ ఎంపిక వాటిలో కష్టమైనది, డబ్బు వృథా అయ్యే అవకాశం ఎక్కువగా ఉన్నది.

ఈ సాంకేతికత స్పోర్ట్స్ కారుతోనే మొదలైంది. 1986లో పోర్షే 959 చక్రాలలో గాలి పీడనాన్ని కనిపెట్టే ఏర్పాటును అమర్చారు. సాధారణ కార్లలోకి అది రావడానికి కారణం మాత్రం ఒక విషాదం. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్లు వేగంలో పొరలు విడిపోయి, కార్లు బోల్తాపడి, అమెరికాలో ఎంతోమంది మరణించడంతో 2000 సంవత్సరంలో అక్కడి ప్రభుత్వం కొత్త చట్టం చేసింది. దాని ఫలితంగా 2007 సెప్టెంబరు నుంచి అమెరికాలో తేలికపాటి కొత్త వాహనాలన్నింటికీ టీపీఎంఎస్ తప్పనిసరి అయింది. ఐరోపా సమాఖ్య 2014 నవంబరు నాటికి కొత్త కార్లన్నింటికీ ఇదే నియమం పెట్టింది. భారతదేశంలో 2020 జూలైలో మోటారు వాహనాల నిబంధనలను సవరించి, 3.5 టన్నుల లోపు ప్రయాణికుల వాహనాలలో ట్యూబ్‌లెస్ టైర్లు, టీపీఎంఎస్, పంచరు మరమ్మతు సామగ్రి ఉన్నప్పుడు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదన్నారు. స్టెప్నీకి చోటే ఉంచని స్పోర్ట్స్ కారులో ఈ చిన్న పరికరం ఎంత బరువైన బాధ్యత మోస్తున్నదో దీన్నిబట్టి తెలుస్తుంది.

సెన్సర్ కొనే ముందు, కారులో అసలు సెన్సర్లు ఉన్నాయో లేవో తేల్చుకోవాలి. టీపీఎంఎస్‌లో రెండు రకాలు ఉన్నాయి. ప్రత్యక్ష పద్ధతిలో ప్రతి చక్రం లోపల, వాల్వ్ అడుగున బ్యాటరీతో పనిచేసే ఒక పరికరం ఉండి, లోపలి పీడనాన్ని కొలిచి రేడియో తరంగాల ద్వారా కారుకు పంపుతుంది. పరోక్ష పద్ధతిలో చక్రం లోపల ఏమీ ఉండదు. గాలి తగ్గిన టైరు చుట్టుకొలత కొద్దిగా తగ్గి మిగతావాటికంటే వేగంగా తిరుగుతుంది కాబట్టి, బ్రేకుల ఏబీఎస్ వ్యవస్థ ఆ తేడాను పసిగట్టి దీపం వెలిగిస్తుంది. ఫోక్స్‌వాగన్ సమూహానికి చెందిన కార్లలో చాలావాటికి ఈ రెండో పద్ధతే ఉంది. అటువంటి కారుకు నాలుగు సెన్సర్లు కొనడం పూర్తిగా దండగ. దానికి కావలసింది సరిగ్గా గాలి కొట్టించి, మెనూలో కొత్త పీడనాన్ని గుర్తుంచుకొమ్మని ఆదేశించడమే.

ప్రత్యక్ష పద్ధతి ఉన్న కారులోనూ దీపం వెలిగినంత మాత్రాన సెన్సర్ పోయిందని అనుకోకూడదు. అమెరికా ప్రమాణాల ప్రకారం తయారైన కార్లలో ఆ దీపం స్థిరంగా వెలిగితే గాలి తక్కువైందని అర్థం. ఇంజన్ స్టార్ట్ చేయగానే ఒక నిమిషం నుంచి ఒకటిన్నర నిమిషాల దాకా మినుకుమినుకుమని, తరువాత స్థిరపడితే లోపం వ్యవస్థలో ఉందని అర్థం. ఉష్ణోగ్రత సుమారు 5.5 డిగ్రీల సెల్సియస్ మారితే పీడనం దాదాపు 1 పీఎస్‌ఐ మారుతుంది. అందువల్ల మండువేసవి మధ్యాహ్నం కాగిన టైరులో కొలిచి నింపిన గాలి మరునాటి తెల్లవారికి తక్కువగా కనిపించి దీపం వెలగవచ్చు. టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే కారు కనీసం మూడు గంటలు నిలిచి ఉన్నప్పుడు, కొలిచిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

సెన్సర్ నిజంగా పాడైతే దానికి చాలాసార్లు కారణం వయసే. లోపలి లిథియం బ్యాటరీ సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు పనిచేస్తుంది. తడి తగలకుండా దాన్ని రెసిన్‌లో పోతపోసి మూసేస్తారు కాబట్టి బ్యాటరీ ఒక్కదాన్ని మార్చడం సాధారణంగా కుదరదు, మొత్తం పరికరాన్నే మార్చాలి. ఒకటి వయసు మీరి ఆగిపోయిందంటే, దానితోపాటు పుట్టిన మిగతా మూడూ ఎంతో కాలం నిలవవు. ప్రతిసారీ టైరు విప్పి, బిగించి, బ్యాలెన్సింగ్ చేయించే ఖర్చును లెక్కవేస్తే కొత్త టైర్లు వేయించే రోజునే నాలుగింటినీ మార్చడం తెలివైన పని.

అసలు చిక్కు ఎంపికలో ఉంది. సెన్సర్, కారు ఒకే పౌనఃపున్యంలో మాట్లాడుకోవాలి. పౌనఃపున్యం అంటే రేడియో తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్న లెక్క. అమెరికా, జపాన్ మార్కెట్ల కార్లలో ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్, ఐరోపా మార్కెట్ కార్లలో 433.92 మెగాహెర్ట్జ్ వాడుతారు. అమెరికాలో అమ్మే జర్మన్ కార్లు కొన్నింటిలో 433 ఉండటం వల్ల దేశం పేరు ఒక్కటే చూసి తేల్చడమూ ప్రమాదమే. 2016లో భారత విపణిలోకి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ దీనికి మంచి ఉదాహరణ. కారు పుట్టిల్లు అమెరికాయే కదా అని, అక్కడ ఉన్న కొడుకో అల్లుడో తమ ఊరి దుకాణంలో మస్టాంగ్ సెన్సర్లు కొని సూట్‌కేసులో పెట్టుకొని వస్తే, అవి రిమ్ములో చక్కగా కూర్చుంటాయి, గాలీ నిలుస్తుంది, దీపం మాత్రం ఆరదు. అక్కడ అమ్మిన కారు 315లో వింటుంది. కుడివైపు స్టీరింగుతో ఇతర దేశాలకు పంపిన కారు 433లో వింటుంది. ఒకే పేరు, ఒకే రూపం ఉన్నా అవి రెండు వేరు భాషల కార్లు.

పౌనఃపున్యం కలిసినా సరిపోదు. సమాచారాన్ని ఏ వరుసలో, ఏ సంకేతంలో పంపాలన్న ఒప్పందం ఒక్కో కంపెనీకి, ఒక్కోసారి అదే మోడల్‌లో ఒక్కో ఏడాదికి కూడా మారుతుంది. అందుకే కారు పేరు, రంగు, కొన్న సంవత్సరం చెప్పి సెన్సర్ అడగడం కంటే, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండే 17 అక్షరాంకెల ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ భాగాల జాబితాలో పార్ట్ నంబరు తీయించడం ఎంతో నమ్మదగిన మార్గం. పాత సెన్సర్ ఒంటి మీద కూడా తయారీదారు పేరు, పార్ట్ నంబరు, చాలాసార్లు పౌనఃపున్యం ముద్రించి ఉంటాయి. దాన్ని పారేయకుండా కడిగి ఫొటో తీసి ఉంచుకోవాలి.

కంపెనీ సరుకు దొరకనప్పుడు ప్రోగ్రామ్ చేయగల సెన్సర్లు ఆదుకుంటాయి. ష్రేడర్, ఆటెల్ వంటి సంస్థలు తయారుచేసే వీటిలోకి చేతిలో ఇమిడే ఒక పరికరం ద్వారా ఆయా కారుకు తగిన సంకేత పద్ధతిని ఎక్కిస్తారు. ప్రతి సెన్సర్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. కారు తన జ్ఞాపకంలో ఉన్న సంఖ్యలనే నమ్ముతుంది. పాతదాని సంఖ్యను చదివి కొత్తదానిలోకి నకలు చేస్తే కారుకు మార్పు జరిగిన సంగతే తెలియదు. లేకపోతే కొత్త సంఖ్యను కారుకు నేర్పాలి. కొన్ని కార్లు కొంత దూరం నడిపితే వాటంతట అవే నేర్చుకుంటాయి, కొన్నింటికి స్టీరింగ్ కింది డయాగ్నస్టిక్ సాకెట్ ద్వారా ఎక్కించాలి. ఈ పరికరం చేతిలో లేని దుకాణంలో సెన్సర్ మార్పించడం సగం పనితో ఆగిపోవడమే.

స్పోర్ట్స్ కారుకు మరో కోణం ఉంది. 30 గ్రాముల సెన్సర్, కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లేటప్పుడు చక్రభ్రమణం వల్ల సుమారు నాలుగున్నర కిలోల బరువుతో రిమ్మును లాగుతుంది. 250 కిలోమీటర్ల వేగంలో అది 30 కిలోలకు దగ్గరవుతుంది. అందువల్ల అధిక వేగాల కార్లకు రబ్బరు కాడ ఉన్న వాల్వ్‌ను కాక, నట్టుతో బిగించే లోహపు వాల్వ్‌నే వాడుతారు. ఆ నట్టును కంపెనీ చెప్పిన బిగువుతో, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. లోహపు వాల్వ్‌లో మరొక జాగ్రత్త అవసరం. అల్యూమినియం కాడలో మామూలు ఇత్తడి పిన్ను వేస్తే, ఉప్పుగాలి తగిలే కళింగపట్నం, భీమిలి దారుల్లో తిరిగే కారులో ఆ రెండు లోహాల మధ్య రసాయన చర్య జరిగి పిన్ను అతుక్కుపోతుంది. తీయబోతే కాడే విరుగుతుంది. అక్కడ నికెల్ పూత ఉన్న పిన్నునే వాడాలి. టైరు విప్పిన ప్రతిసారీ రబ్బరు వాషరు, పిన్ను, నట్టు కూడా మార్చాలి.

ఇదంతా ధనవంతుల వ్యవహారమని తోసిపుచ్చడానికి ఇప్పుడు వీలు లేదు. పెనుకొండ దగ్గరి కర్మాగారంలో తయారయ్యే కియా సెల్టోస్ పై రకాలలో కూడా టీపీఎంఎస్ ఉంది. ఆ కార్లు జిల్లాల్లో ఏ సందులో చూసినా కనిపిస్తాయి. వీటికి పంచరు పడినప్పుడు దుకాణంలో ఇనుప కడ్డీ పెట్టి టైరు అంచును వాల్వ్ దగ్గర ఎత్తితే సెన్సర్ అక్కడికక్కడే పగులుతుంది. ఆ నష్టానికి టైరు పని చేసేవారిని నిందించడం న్యాయం కాదు, లోపల ఏముందో వారికి ఎవరూ చెప్పరు కాబట్టి. చక్రం వారి చేతికి ఇచ్చేటప్పుడే వాల్వ్ కింద సెన్సర్ ఉందని, కడ్డీని వాల్వ్‌కు దూరంగా పెట్టాలని కారు యజమానులు తప్పక చెప్పాలి.