కోనలు పిలుస్తున్నాయ్... చెప్పి వెళ్లండి!

ఎన్నూరు: ఒకవైపు రేవుకు వెళ్లే లారీల బారు... మరోవైపు ఉప్పుగాలి, పొగగొట్టాలు. వారమంతా వీటి మధ్యే గడిపే ఎన్నూరు, మణలి, మీంజూరు కుర్రకారుకు రెండు రోజులు సెలవు దొరికితే మనసు ఉత్తరానికి లాగుతుంది. సరిహద్దు దాటితే చాలు, అడవులు, కోనలు, జలపాతాలు. మామూలుగా నలుగురైదుగురు కలిసి బయల్దేరతారు. బైకు వెనుక చిన్న టెంటు, దుప్పటి కట్టుకుని ‘ఒక్కడినే వెళ్లొస్తా’ అనేవాళ్లూ ఉన్నారు. ఒంటరిగా వెళ్లడం తప్పేమీ కాదు. రాత్రి ఎక్కడ పడుకోవాలి, ఎవరికి చెప్పి వెళ్లాలి... అసలు సంగతంతా అక్కడే ఉంది.

తొలి మజిలీ ఉబ్బలమడుగు

ఎన్నూరు నుంచి మీంజూరు, పొన్నేరి మీదుగా తచ్చూరు కూడలికి చేరితే కోల్‌కతా రహదారి తగులుతుంది. గుమ్మిడిపూండి, ఆరంబాక్కం దాటగానే ఆంధ్ర మొదలు. తడ వద్ద ఎడమకు తిరిగి వరదయ్యపాళెం మీదుగా వెళితే ఉబ్బలమడుగు. చెన్నై వాళ్లు ‘తడ జలపాతం’ అనేది దీన్నే. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. శివరాత్రికి భక్తులు ఇక్కడి సిద్ధులయ్య కోనకు బారులు తీరతారు.

బండి దిగాక నడక తప్పదు. రాళ్ల మీదుగా, వాగు వెంబడి పైకి ఎక్కాలి. నీళ్లు అద్దంలా ఉంటాయి. అడుగున రాయి కనిపిస్తుంటే మోకాలి లోతే అనిపిస్తుంది. దిగితే నిలువు లోతు! చెన్నై నుంచి సరదాగా వచ్చి ఈ మడుగుల్లో మునిగిపోయిన యువకుల వార్తలు ఎన్నోసార్లు చదివాం. నలుగురున్నప్పుడు ఒకరు జారితే మరొకరు చెయ్యి అందిస్తారు. ఒంటరిగా వెళ్లినవాడికి ఆ చెయ్యి ఉండదు. ఈత వచ్చినా సరే, ఒక్కరే ఉన్నప్పుడు మడుగులో దిగకపోవడమే మేలు.

కైలాసకోన చల్లదనం

ఉబ్బలమడుగు చూసుకుని వరదయ్యపాళెం, సత్యవేడు మీదుగా వస్తే ఊత్తుకోట పక్కనే సురుటుపల్లి. శివుడు శయనించి కనిపించే పళ్లికొండేశ్వరాలయం ఇక్కడిదే. మరికాస్త ముందుకెళితే నాగలాపురం. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటి వేదనారాయణ స్వామి గుడి చూసుకుని పిచ్చాటూరు దాటితే, నారాయణవనం మండలంలో కైలాసకోన వస్తుంది. వేసవిలో ఉబ్బలమడుగు నీరసించినా ఇక్కడి ధార మాత్రం ఏడాది పొడవునా పడుతూనే ఉంటుంది. పెద్దగా నడక లేదు, జనం ఉంటారు. మొదటిసారి ఒంటరిగా బయల్దేరినవాళ్లకు ఇంతకన్నా అనువైన చోటు ఈ దారిలో లేదు. రాత్రికి పుత్తూరు చేరుకుంటే లాడ్జీలో నిశ్చింతగా పడుకోవచ్చు.

తలకోన... 270 అడుగుల ధార

రెండోరోజు తిరుపతి మీదుగా తలకోన. తిరుపతి నుంచి సుమారు 60 కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో అతి ఎత్తయిన జలపాతంగా పేరున్న దీని ఎత్తు 270 అడుగులు. భాకరాపేట ఘాట్ మలుపుల్లో మాత్రం తొందర పనికిరాదు. 2022 మార్చిలో పెళ్లిబృందం బస్సు లోయలో పడి పలువురు ప్రాణాలు కోల్పోయింది ఈ దారిలోనే. నెరబైలు దాటాక చెట్లు దట్టమవుతాయి. సిద్ధేశ్వర స్వామి గుడి దగ్గర బండి ఆపి, ఏనుగు తొండాల్లా అల్లుకున్న గిల్లతీగలు చూస్తూ పైకి నడవాలి. ధార కింద నిలబడితే వారం రోజుల దుమ్మంతా కడిగేసినట్టు ఉంటుంది.

అయితే రాళ్ల మీద నుంచి దూకడం వద్దే వద్దు. 2023లో ఇలాగే దూకిన ఓ విద్యార్థి రాళ్ల మధ్య ఇరుక్కుని చనిపోయాడు.

టెంటు ఎక్కడ వేయాలి?

తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు పరిధిలోనిది. 1989లో దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. 2010లో శేషాచలం కొండలు జీవావరణ రక్షిత ప్రాంతమయ్యాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి చోట అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం. ఇక నచ్చినచోట టెంటు వేసి మంట రాజేస్తానంటే కుదరదు. పర్యాటక, అటవీ శాఖల బస తలకోనలో ఉంది. ముందే గది చూసుకుని వెళ్లాలి.

చట్టం సంగతి అటుంచితే, ప్రాణభయం ఉంది. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికని రాత్రిపూట గుండాలకోన అడవిలో నడిచి వెళుతున్న భక్తులపై ఏనుగులు దాడి చేశాయి. ముగ్గురు చనిపోయారు. గుంపుగా వెళ్లినవాళ్లకే ఈ గతి పడితే, ఒంటరిగా టెంటులో నిద్రపోయేవాడి మాటేమిటి?

ఇంకో చిక్కూ ఉంది. ఇది ఎర్రచందనం అడవి. టాస్క్‌ఫోర్స్ రాత్రీ పగలూ తిరుగుతుంటుంది. 2015 ఏప్రిల్ 7న కాల్పుల్లో 20 మంది చనిపోయింది శేషాచలం అడవుల్లోనే. వారంతా తమిళనాడు వాళ్లు. తమిళనాడు నంబరు బండి అడవి అంచున నిలిపి, లోపల టార్చిలైటు వేసుకుని ఒక్కడే తిరుగుతుంటే ఎవరికైనా అనుమానం రాకమానదు. గుర్తింపు కార్డు, బస రసీదు జేబులో ఉంటే సగం భయం తీరినట్టే.

అనుమతి ఉన్న దారులు

తమిళనాడు వైపు పాఠం 2018 మార్చి 11న వచ్చింది. తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి 20 మందికి పైగా ట్రెక్కర్లు బలయ్యారు. చెన్నై నుంచి వెళ్లినవాళ్లూ అందులో ఉన్నారు. ఆ తర్వాత ప్రభుత్వం ట్రెక్కింగుకు నియమాలు పెట్టింది. 2024 అక్టోబరులో ‘ట్రెక్ తమిళనాడు’ పేరిట 40 దారులను తెరిచింది. వాటిలో తిరువళ్లూరు జిల్లా గుడియం గుహల దారి ఒకటి. ఆదిమానవుడి ఆనవాళ్లున్న గుహలివి. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే స్థానిక గైడు వెంట వస్తాడు. ఒక్కరే వెళ్లినా ఒంటరి కాదన్నమాట.

గుడియం పక్కనే పూండి జలాశయం. నగరి కొండల్లో కురిసిన వాన నగరి ఏరుగా వచ్చి కుశస్థలిలో కలిసేదీ, ఆ నీళ్లు పూండి దాటి చివరికి సముద్రంలో పడేదీ మన ఎన్నూరు ముఖద్వారం దగ్గరే. కోనలో పారేసిన ప్లాస్టిక్ సీసా ఏ వరదకో మన వలలోనే చిక్కుతుంది. తీసుకెళ్లిన చెత్త తిరిగి తెచ్చుకోవడం ఎవరికో చేసే మేలు కాదు, మనకు మనం చేసుకునేదే.

బయల్దేరే ముందు

* ఏ దారిన వెళ్తున్నారో, ఏ రాత్రి ఎక్కడ ఉంటారో, ఎన్నింటికి ఫోను చేస్తారో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. కోనల్లో సిగ్నల్ అందదు. చెప్పిన వేళకు ఫోను రాకపోతే ఎక్కడ వెతకాలో ఆ కాగితమే చెబుతుంది.

* నీళ్లు బాగా ఉండేది అక్టోబరు నుంచి జనవరి దాకా. వానలు ముదిరితే జలపాతాల దారి మూసేస్తారు. వెళ్లేముందు కనుక్కోండి.

* కొండ మీద మబ్బు పట్టిందంటే వెంటనే వాగులోంచి బయటికి వచ్చేయాలి. కింద ఎండ కాస్తున్నా పైనుంచి నీళ్లు ఒక్కసారిగా దిగుతాయి.

* ట్యాంకు నిండా పెట్రోలు, పంక్చరు కిట్టు, టార్చి, మందుల పెట్టె తప్పనిసరి.

* చీకటి పడకముందే ఊరి లైట్లు కనిపించే చోటికి చేరుకోవాలి. జలపాతం ఎక్కడికీ పోదు... మళ్లీ సెలవుకు వెళ్లొచ్చు.