గోడ దాటే బొమ్మ

దుబాయి, షార్జాలలోని మన ఇండ్లలో ఉపగ్రహ ప్రసారాలను అందుకునే పెట్టె సాధారణంగా హాలులోనే ఉంటుంది. లోపలి గదిలో మంచం పట్టిన అమ్మమ్మకు తెలుగు కార్యక్రమం చూపించడం ఎలా? అద్దె ఇంటి గోడకు రంధ్రం చేయనవసరం లేదు. ‘వీడియో సెండర్’ ప్రసారిణి చిత్రాన్ని, ధ్వనిని 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలపై ఎక్కించి పంపుతుంది. పక్కగదిలోని గ్రాహకం వాటిని విడదీసి టీవీకి అందిస్తుంది.

ఈ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. ఇటుక గోడను అది కొంత క్షీణించి దాటుతుంది; ఇనుప చువ్వల కాంక్రీటు మరింత అడ్డుకుంటుంది. మైక్రోవేవ్ ఓవెన్, అనేక వైఫై పరికరాలు ఇదే పౌనఃపున్యం సమీపంలో పనిచేస్తాయి కనుక వంటవేళ బొమ్మ చెదరవచ్చు.

పాత అనలాగ్ సెండర్లలో సాధారణంగా రహస్య సంకేతీకరణ ఉండదు. సరియైన గ్రాహకమున్న పొరుగింట్లోనూ మన బొమ్మ కనిపించవచ్చు. కావున ఇంటి వీడియోలను దానిపై పంపకుండుట మేలు. ఎమిరేట్లలో రేడియో పరికరాలకు టెలికాం నియంత్రణ సంస్థ ఆమోదం అవసరమని కూడా మరువరాదు.