క్రిస్మస్ విందు: డోర్నకల్‌లో, టోకియోలో

క్రిస్మస్ విందు అనగానే పత్రికలలోని బొమ్మలు చూచినవారికి నిలువునా కాల్చిన టర్కీ కోడి, ఎండుద్రాక్షలు నించిన కేకు జ్ఞప్తికి వస్తాయి. అవి ఇంగ్లండు, అమెరికా దేశాల చలికాలపు వంటలు. పండుగ ఇతర దేశాలకు పోయినప్పుడు ఈ వంటలు కూడ దానివెంట పోయినవా? చాలచోట్ల పోలేదు. పండుగ ఒక దేశం నుండి మరొక దేశానికి సులువుగానే ప్రయాణం చేస్తుంది. వంట మాత్రం ఆ ఇంటి పొయ్యి ఎట్టిది, ఆ నెలలో చేతికందిన పంట ఏది, వండే చేతులు ఎన్ని అన్న వాటినిబట్టి నిర్ణయమవుతుంది. ఇందుకు రెండు నిదర్శనాలు తీసుకుందాం. ఒకటి మనకు దగ్గరిది, మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్. రెండవది చాల దూరపుది, జపాను.

ఈ రెంటికీ ఒక మనిషి మూలంగా కొంత చుట్టరికం కూడ ఉన్నది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునల్వేలి సీమలో జన్మించిన తమిళుడు. 1907లో టోకియోలో జరిగిన ప్రపంచ క్రైస్తవ విద్యార్థి సమాఖ్య మహాసభకు వెళ్ళివచ్చారు. రెండేండ్ల తరువాత, 1909లో, డోర్నకల్ చేరి తెలుగువారి మధ్య స్థిరపడ్డారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయునికి ఆ పదవి లభించడం అదే మొదలు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కతీడ్రలును చూస్తే ఆయన అభిరుచి తెలుస్తుంది. దేవాలయ మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు కలిసి అక్కడ ఒక క్రైస్తవాలయమైనవి. ఆ చుట్టుప్రక్కల వంటిండ్లలో జరిగినది కూడ ఇట్టిదే. అయితే అక్కడ నమూనా గీసి ఇచ్చిన శిల్పి ఎవరూ లేరు.

వంటకాల సంగతి చెప్పబోయే ముందు అన్నం సంగతి చెప్పాలి. నేడు పండుగ భోజనమంటే మామూలు భోజనానికి పైన మరి నాలుగు వంటకాలు. జనగామ, మహబూబాబాద్ ప్రాంతాల మెట్ట గ్రామాలలో మూడు తరాల క్రిందట అట్లా కాదు. పేదల ఇండ్లలో దినమూ జొన్న గటక, అంబలి, జొన్నరొట్టె. వరి అన్నం ఉడికిననాడే పండుగ. పొలంలో పండిన గింజ తమ ఇంటికే చేరుతుందన్న భరోసా కూడ లేని రోజులవి. జనగామ జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ 1940లలో దేశ్‌ముఖుకు ఎదురు నిలిచి కాపాడుకున్నది తన చెమటతో పండించిన పంటనే. అటువంటి ఇంట పెద్ద గిన్నెడు తెల్లని అన్నం దించితే అదే విందు. వాన కారు వడ్లు కల్లం దాటి వచ్చిన వెంటనే డిసెంబరు వస్తుంది గనుక, క్రిస్మసుకు ఆ అన్నం దొరకడానికి కాస్త వీలుండేది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చినది, బోరుబావులూ పెరిగినవి. అన్నం అందరి ఇండ్లలోనూ దినచర్య అయినది. పండుగకు మరొక గుర్తు కావలసివచ్చినది.

ఆ గుర్తు బగారా అన్నం. లవంగం, చెక్క, ఏలకి, షాజీరా, పుదీనా, అల్లం వెల్లుల్లి నూనెలో వేయించి, ఎసరు పోసి, అందులో బియ్యం వండుతారు. మాంసం అందులో కలపరు. కూర ప్రక్కన వడ్డిస్తారు. ఉర్దూలో బఘార్ అంటే పోపు. ఈ వంట ఏ వైపు నుండి మన పల్లెలకు వచ్చినదో పేరే చెబుతున్నది. ప్రక్కన మేకమాంసం గాని నాటుకోడి గాని, వాటిలోకి గారెలు, చివరకు సేమ్యా పాయసం. ఈ విస్తరిని ఒకసారి పరిశీలించండి. గారె దసరా ఇంటిది, సేమ్యా రంజాను ఇంటిది, ప్రక్కనే ఉన్న సకినం సంక్రాంతి ఇంటిది. బేత్లెహేము నుండి వచ్చినది ఒక్కటీ లేదు. ఇందువల్ల పండుగకు లోటు వచ్చినదని నేననుకోను.

సకినాన్ని గురించి కొంత విపులంగా చెప్పడం అవసరం. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీరు వడకట్టి, తడి ఆరకముందే పిండి కొట్టి జల్లిస్తారు. అందులో నువ్వులు, వాము, ఉప్పు వేసి నీళ్ళతో కలుపుతారు. శుభ్రమైన నూలుబట్ట పరచి, పిండిని వ్రేళ్ళ మధ్య సన్నగా మెలిత్రిప్పుతూ, ఒక చుట్టు వెలుపల మరొక చుట్టుగా మూడు నాలుగు చుట్లు చుడతారు. బట్ట తేమను పీల్చుకొంటుంది; సకినం కొంచెం ఆరి గట్టిపడుతుంది. అప్పుడు విరగకుండా ఎత్తి నూనెలోకి జారవిడుస్తారు. చెప్పడానికి సులువే. కాని పిండి తడి ఆరిపోయేలోగా చుట్టడం పూర్తి కావాలి. ఒక్క ఇల్లాలు పదిశేర్ల బియ్యానికి సకినాలు చుట్టలేదు. కనుక వీధిలోని వదినలు, పిన్నులు, అత్తలు నలుగురైదుగురు వచ్చి బట్టచుట్టూ కూర్చుంటారు; ఒకరు పొయ్యి దగ్గర ఉంటారు. నేడు మా ఇంట, రేపు మీ ఇంట. ఆ నలుగురైదుగురిలో క్రైస్తవులెవరు, కానివారెవరు అన్న విచారణ చాల వీధులలో ఏనాడో పోయినది.

కలిసి వండడం ఒకటి, కలిసి తినడం మరొకటి. అజరయ్య కాలంలో డోర్నకల్ చుట్టుప్రక్కల సంఘాలలో చేరినవారు ఎక్కువగా మాలలు, మాదిగలు. ఊరు ఈ ఇద్దరినీ దూరం పెట్టినది. వారు ఒకరినొకరు కూడ దూరం పెట్టుకున్నారు. ఒకరి చేతి నీరు మరొకరు త్రాగని రోజులవి. ఒకే గిన్నెలోని ద్రాక్షారసం, ఒకే రొట్టె పంచుకోవాలన్నది ఆ మతపు ప్రధాన కర్మ. ఆరాధనలో ఒకే పాత్ర ముట్టినవారు విందులో వేరు పంక్తులలో కూర్చుంటామంటే అర్థమేమున్నది? తెలుగు క్రైస్తవులు ప్రేమవిందు అని పిలిచే సహపంక్తి భోజనానికి గల బరువు ఇక్కడ ఉన్నది. బియ్యం ఇంటింటా పోగుచేస్తారు, గాడిపొయ్యి త్రవ్వి వండుతారు, ఆలయం ముందు వరుసగా కూర్చుని తింటారు. ఈ వరుస ఒక్కనాటిలో ఏర్పడలేదు. కొన్నిచోట్ల నేటికీ పూర్తిగా కుదరలేదు.

ఇక పొయ్యి మాట. మన పల్లె ఇంట ఓవెను లేదు. గనుక మన క్రిస్మస్ నూనె మూకుడును ఆశ్రయించినది. జపానులోనూ సరిగా ఇదే జరిగినది. ఆ దేశంలో క్రైస్తవులు నూటికి ఒకరు. డిసెంబరు 25 అక్కడ సెలవుదినం కాదు. ఇండ్లలో పెద్ద ఓవెనులు అరుదు, టర్కీ కోడి మరీ అరుదు. 1970లో కెంటకీ ఫ్రైడ్ చికెన్ అనే అమెరికా వ్యాపారసంస్థ అక్కడ దుకాణం తెరచినది. క్రిస్మసుకు కెంటకీ అంటూ 1974లో దేశమంతటా ప్రచారం చేసినది. నాటి నుండి లక్షలాది కుటుంబాలు ఆ రాత్రి వేయించిన కోడిమాంసం తింటున్నవి. వారాలముందే పేరు వ్రాయించుకొని, ఆనాడు వరుసలో నిలబడి డబ్బా తెచ్చుకొంటారు. తరువాత కేకు. అది ఇంగ్లండు వారి ఎండుద్రాక్షల కేకు కాదు. మెత్తని తెల్లని మీగడ, పైన ఎర్రని స్ట్రాబెర్రీ పండ్లు. చక్కెర, పాలు, వెన్న కరవైన యుద్ధకాలాన్ని దాటినవారికి ఆ తెల్లని కేకు ఇంట సుఖం వచ్చినదన్న సూచన అయినది. మన పేదలకు వరి అన్నం ఎట్టిదో వారికి అది అట్టిది.

దీనిని వ్యాపారపు మాయ అని కొట్టివేయడం తేలిక. నేను ఆ వాదన చేయను. జపాను ఇల్లాలికి అసలు పని ఆ తరువాతి వారంలో ఉన్నది. అక్కడ పెద్ద పండుగ జనవరి 1. దానికి ఒసేచి అనే వంటకాలను ముందే వండి, ఒకదానిపై ఒకటి పేర్చే లక్కపెట్టెలలో సర్దుతారు. నల్లచిక్కుడు గింజలు ఆరోగ్యానికి, చేపగ్రుడ్లు సంతానానికి, ఎండబెట్టిన చిన్నచేపలు పంటకు. ఆ చిన్నచేపల వంటకం పేరుకు పొలం చేయునది అని అర్థం. ఒకప్పుడు వాటిని వరిమళ్ళకు ఎరువుగా వేసేవారు. తీపి, ఉప్పు, పులుపు దట్టించి వండుతారు గనుక రెండు మూడు దినాలు చెడవు. ఆ దినాలలో ఇల్లాలు పొయ్యి ముట్టించనక్కరలేదు. మన సద్దుల బతుకమ్మనాటి చింతపండు పులిహోర, నువ్వుల సద్ది కూడ నిలువ ఉండి మోసుకుపోవడానికి వీలైన వంటలే. కొత్త సంవత్సరానికి జపానువారు చేసే మోచి ముద్ద మరీ మనకు దగ్గరిది. ఆవిరిపై ఉడికించిన జిగురుబియ్యాన్ని రోటిలో పోసి ఒకరు కొయ్యసుత్తితో దంచుతారు. దెబ్బకూ దెబ్బకూ నడుమ మరొకరు తడిచేతితో ముద్దను త్రిప్పుతారు. లయ తప్పితే చేయి నలుగుతుంది. సకినం వలెనే ఇదీ ఒంటరి పని కాదు.

నేడు ఒసేచి పెట్టెలను పెద్ద అంగళ్ళనుండి తెప్పించుకొనేవారు ఎందరో. మన హనుమకొండలో, జనగామలో సకినాలు తూకానికి దొరుకుతున్నవి. భూపాలపల్లి వంటి బొగ్గుగనుల పట్టణంలో కార్మికులు మూడు షిఫ్టులలో పనిచేస్తారు. ఇంటివారందరికీ కలిసే పూట క్రిస్మసునాడైనా మధ్యాహ్నమే కావాలని లేదు. రాత్రి షిఫ్టు దిగినవాని విందు ప్రొద్దున్నే కావచ్చు. అట్టి ఇంట ఇల్లాలు పిండివంట కొని తెచ్చుకున్నదని ఆక్షేపించడం అన్యాయం. కొన్న సకినం రుచిలో తీసిపోదు. బట్టచుట్టూ కూర్చునే ఆ నలుగురైదుగురు మాత్రం అంగడిలో దొరకరు. కనుక వీలైనవారు ఒక్క శేరు బియ్యానికైనా ఇంట పిండి కలిపి ప్రక్కింటివారిని పిలవడం మంచిదని నా అభిప్రాయం.

ప్రక్కింటికి పంపే పళ్ళెంలో ఏమి ఉంచాలో మన తల్లులకు ఎవరూ నేర్పనక్కరలేదు. మాంసం కూర కొన్ని గడపలు దాటదు. సకినం, గరిజె, అరిసె ఏ గడపనైనా దాటుతాయి. పళ్ళెం ఖాళీగా తిరిగి పంపడం మన వాడుక కాదు గనుక అవతలి ఇల్లాలు దానిని కడిగి, తుడిచి, అల్మారాలో ఉంచుతుంది. మూడు వారాలలో సంక్రాంతి. డిసెంబరు 25న వెళ్ళిన పళ్ళెం జనవరి 14న నువ్వుల ఉండలతో తిరిగి వస్తుంది.